సంఘం మోసిన పూలబుట్ట

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దారిలో, లాడ్జీల వరస మొదలయ్యే చోట కుప్పమ్మ పూలు అమ్ముతుంది. ఆదివారం మాత్రం ఆమె తావులో పరిచిన గోనెసంచి తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల్లో ఒక్క పూరేకు కూడా లేకుండా, కాలనీ చివరనున్న రేకుల చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. అయినా ఆమె పక్కన కూర్చున్నవాళ్లకు వాక్యం వింటున్నంతసేపూ మల్లెవాసన వస్తూనే ఉంటుంది. ఎంత సబ్బు రుద్దినా ఆ చేతులను అది వదలదు.

బాప్తిస్మంలో ఆమెకు రూతు అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలకదు, ఇంకెవరినో అనుకుంటుంది. చర్చికి ఎట్లా వచ్చావని అడిగితే మాత్రం దాచకుండా చెబుతుంది. మొగుడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ సంఘం ఆడవాళ్లు వంతులు వేసుకుని గంజి తెచ్చిపెట్టారట. మనిషి దక్కలేదు. కానీ ఇంతమందిని పంపిన దేవుడెవరో చూద్దామని ఒక ఆదివారం పోయి, అక్కడే ఉండిపోయిందట.

ఒక ఏడాది ఉజ్జీవ కూటాలకు బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. విగ్రహాల మీద గొంతు పోయేదాకా ప్రసంగించి, కోడికూర తిని, దొరికిన బండికి వెళ్లిపోయాడు. ఆయన మాటలు మాత్రం సంఘ పెద్ద దేవరాజులు చెవిలో ఉండిపోయాయి. దేవరాజులు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏదైనా తిన్నగా జరక్కపోతే ఆయనకు అన్నం సయించదు. మరుసటి వారం కుప్పమ్మను చర్చి మెట్ల దగ్గర నిలబెట్టి, గుడి దగ్గర పూల వ్యాపారం విశ్వాసులకు తగదు, మానుకొమ్మన్నాడు.

"నేను పూలమ్ముతానన్నా. అవి గుళ్లోకి పోతాయో, కొప్పులోకి పోతాయో నేనడగను" అంది కుప్పమ్మ. "నువ్వు అన్నేండ్లు తిరుమల కొండ బస్సులో టికెట్లు కొడితివే. గుడికి పోతాండారని యా ఒక్కరినైనా దింపేసినావా?"

అది గవర్నమెంటు కొలువని దేవరాజులు గొణిగాడు. ఆ జవాబులో పస లేదని ఆయనకే తెలిసి, ఈ సంగతి సంఘం మీటింగులో పెడతానని చెప్పి వెళ్లిపోయాడు.

మీటింగు జరిగేలోపే కుప్పమ్మ చేయి విరిగింది. శనివారం చర్చి కడగడం ఆమె తనకు తానే పెట్టుకున్న పని. సబ్బునీళ్ల మీద జారి మెట్ల మీద పడింది. కుడి చేతికి పిండికట్టు వేశారు. పాస్టరు ఇమ్మానుయేలు, ఆయన భార్య స్టెల్లా, ఇంకొందరు ఇంటికి వచ్చి చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. పాస్టరు ఆమెన్ అన్నాక కూడా కుప్పమ్మ కళ్లు తెరవలేదు. తన ప్రార్థన తాను మొదలుపెట్టింది. నాలుగు రోజులు మనిషి కనబడకపోతే ఆ తావులో ఇంకెవరో బుట్ట పెట్టేస్తారనీ, చేయి నిదానంగా అతికినా ఫరవాలేదు గానీ తావు పోకుండా చూడమనీ దేవుడికి విడమరిచి చెప్పుకుంది.

అందరూ నేల చూపులు చూశారు. స్టెల్లా మాత్రం, "దేవునికి చెప్పుకున్నావు సరే, మేమూ వింటిమి కదక్కా. రేపట్నించి విడిపూలు చర్చికి దింపించు" అంది.

అట్లా మర్నాడు తెల్లారకముందే చర్చి వరండాలో మల్లెపూలు గుట్టగా పడ్డాయి. ఏళ్ల తరబడి పూలు ముట్టని ఆడవాళ్లు అరటినార తడిపి, చుట్టూ కూర్చుని, పాటలు పాడుకుంటూ పూలు కట్టారు. తల్లో పెట్టుకోవడం మానేశారు గానీ, వేళ్లు మరిచిపోలేదు. ఒకామె దండను ముక్కుదాకా తీసుకుపోయి, పాస్టరు చూస్తున్నాడని మళ్లీ కిందికి దించింది. ఆయన పెద్దమనసుతో బైబిలు తెరిచి అటు తిరిగి కూర్చున్నాడు.

కట్టడం అయింది. మరి అమ్మేదెవరు? ఆడవాళ్లందరికీ పనులున్నాయి. ఖాళీగా ఉన్నది దేవరాజులు ఒక్కడే. ఎవరూ అడగలేదు, అందరూ ఆయన వంక చూశారు. మీటింగులో తేలని విషయమని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీటింగు రేపైనా పెట్టుకోవచ్చు పెద్దాయనా, పూలు రేపటికి వాడిపోతాయి" అన్నాడు పాస్టరు.

ఇంట్లో ఉన్న కుప్పమ్మకు కాలు నిలవలేదు. మెడకు వేలాడే కట్టుతోనే పోయి టీ అంగడి చాటున నిలబడి చూసింది. దేవరాజులు మొదట బుట్టకు దూరంగా, అది తనది కానట్టు నిలబడ్డాడు. ఒక అరవామె వచ్చి వెల అడిగింది. అంతే, ఆయనలోని పాత కండక్టరు లేచాడు. "వాంగమ్మా, వాంగ! రండి, ముందుకు జరగండి, ఎనకాలోళ్లకు దారియ్యండి" అని గొంతెత్తేసరికి జనం నిజంగానే వరసలో నిలబడ్డారు. పైగా ఆయనవి పొడవాటి చేతులు. మోచేతి నుంచి వేలి కొసదాకా కొలిచి మూర ఇస్తుంటే ఆ వరస ఇంకా పెరిగింది.

పక్క బుట్ట నాగులమ్మది. కుప్పమ్మ లేని ఆదివారాల్లో ఆ తావును కాపాడేది ఆమే. చూసి చూసి లేచి వచ్చింది. "అన్నా, నీ మూర నాకు మూరన్నర. నువ్విట్లమ్మితే నా పూలు నేనే తలకు సుట్టుకోని పోవాల."

తక్కువ కొలవడం పాపమన్నాడు దేవరాజులు. మరి ఎక్కువ కొలిచి పక్కదాని కడుపు కొట్టేది పుణ్యమా అని అడిగింది నాగులమ్మ. దేవరాజులు రెండు బుట్టలూ ఒకచోటికి జరిపాడు. ఆమె తన చేత్తో కొలిచింది, ఆయన కేక వేశాడు. రెండూ ఎండెక్కకముందే అయిపోయాయి.

కుప్పమ్మకు నవ్వాగలేదు, నవ్వితే చేయి నొప్పి. తన చేతిలో ఎప్పుడూ అంత తొందరగా అమ్ముడుపోలేదే అని కొంచెం కడుపుమంట కూడా కలిగింది. అట్లా నవ్వుతూ నవ్వుతూనే, ఎందుకో కొంగుతో కళ్లు తుడుచుకుంది. టీ అంగడతను నొప్పికనుకుని కుర్చీ వేశాడు.

చేయి అతికేదాకా వరండాలో పూలు పడుతూనే ఉన్నాయి. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో దేవరాజులు లేచి, ఈ వారమంతా బుట్ట మిగలకుండా దేవుడు నడిపించాడని చెప్పాడు. వెనకనుంచి ఎవరో స్తోత్రం అన్నారు. పాస్టరు నవ్వు దాచుకోవడానికి గబగబా పాట ఎత్తుకున్నాడు. పూల సంగతి ఆ తరువాత ఏ మీటింగుకూ రాలేదు.

కట్టు విప్పాక కుప్పమ్మ మళ్లీ తన గోనెసంచి మీద కూర్చుంది. మొదటి రోజు వచ్చినవాళ్లు వచ్చినట్టే, పెద్దాయన రాలేదా అని అడిగారు. ఆమెకు ఒళ్లు మండింది. పొద్దెక్కాక ఆయనే వచ్చాడు. బస్సు కోసమని, ఊరికే ఇటు వచ్చినానని చెప్పాడు. మూడు బస్సులు పోయినా కదల్లేదు.

"కూసుంటే కూసో గానీ, ఈ పూలమీద నీళ్లు సల్లన్నా" అని కుప్పమ్మ చెంబు ఆయన చేతికిచ్చింది.