మూడో ఎర్ర మొహం

నర్సమ్మ పనిచేసే ఆఫీసు నాలుగో అంతస్తులో, ఆడవాళ్ల బాత్‌రూమ్ బయట గోడకు పలకంత తెర ఒకటి బిగించారు. దాని మీద మూడు మొహాలు. ఆకుపచ్చది నవ్వుతుంది, పసుపుది ఊరికే చూస్తుంది, ఎర్రది ఏడుస్తుంది. లోపల శుభ్రంగా ఉందో లేదో, బయటికొచ్చేవాళ్లు ఒక మొహం నొక్కి చెప్పాలి. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! కడిగే మనిషి అక్కడే నిలబడి ఉంటుంది. ఆమెతో చెప్పరు, గోడతో చెబుతారు.

నర్సమ్మది అచ్చంపేట దగ్గర పల్లె. పదకొండేళ్ల కిందట మొగుడు స్వామితో కలిసి మేస్త్రీల వెంట ఇటు పట్నం వచ్చింది. ఈ మేడ లేచేటప్పుడు దీనికే ఇద్దరూ సిమెంటు తట్టలు మోశారు. ఇప్పుడు లోపలికి రావాలంటే ఆమె మెళ్లో కార్డుండాలి, సామాన్ల లిఫ్టే ఎక్కాలి. అందుకు ఆమెకేం బాధ లేదు. బాధపడే తీరికెక్కడిది? రెండేళ్ల కిందట స్వామికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. మధ్యాహ్నం తిండికిచ్చే ముప్పావుగంటలో నర్సమ్మ గబగబా ఇంటికి నడిచి, అతన్ని లేపి కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు తినిపించి, మళ్లీ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పరుగున వెనక్కి వస్తుంది. ఆఫీసు ఇంటికి దగ్గర కావడం ఒక్కటే ఆ సంసారానికున్న ఆధారం.

ఆ ఆధారానికే ఎసరొచ్చింది. వారంలో మూడు ఎర్ర మొహాలు పడితే మనిషిని అక్కణ్ణుంచి మార్చేస్తామని కొత్త రూలు పెట్టారు. సూపర్‌వైజర్ వేణు ఆ ముక్క అందరినీ నిలబెట్టి చెప్పి, నర్సమ్మను పక్కకు పిలిచాడు.

"అక్కా, మూడు పడ్డయంటే జీడిమెట్ల ఫ్యాక్టరీకి పంపుతరు. జర పైలం."

జీడిమెట్ల అంటే బస్సులు మారి మారి పోవాలి. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరడం. మధ్యలో స్వామి నోట్లో ముద్ద పెట్టే దిక్కుండదు. అటు గదివాళ్లూ ఇటు గదివాళ్లూ కూలికి పోయేవాళ్లే.

ఆ వారం నర్సమ్మ నేలను అరిగేట్టు తుడిచింది. ఎవరైనా లోపలికొస్తే పని ఆపి మూలకు తప్పుకోవాలి, స్టాఫుతో మాట్లాడకూడదు. అది పాత రూలు. పాతదీ కొత్తదీ రెండూ తప్పకుండా పాటించింది. అయినా సోమవారం ఒక ఎర్రది, బుధవారం ఇంకొకటి పడ్డాయి. ఏసీ చల్లగా ఉందని ఒకరు నొక్కారో, టీ బాగాలేదని ఇంకొకరు నొక్కారో ఎవరికి తెలుసు! లోపల మాత్రం అద్దం మీద మరక కూడా లేదు, అది నేను చెబుతున్నాను.

గురువారం మూడోది ఆమె కళ్లముందే పడింది. సంయుక్త అనే ఉద్యోగిని, కాకినాడ వైపు అమ్మాయి, ఫోన్లో "అలాగే సార్, అలాగే సార్" అంటూ బయటికొచ్చింది. ఫోను పెట్టేసి, కసిగా వేలితో ఎర్ర మొహాన్ని పొడిచింది. నర్సమ్మ ఆమెకు ఎదురెళ్లింది. రూలూ గీలూ ఏవీ గుర్తు రాలేదు.

"మేడం, ఏం కరాబున్నదో చెప్పుండ్రి. ఇప్పుడే కడుగుత."

సంయుక్త ఉలిక్కిపడింది. రోజూ చూసే మనిషికి ఒక గొంతుందని అప్పుడే తెలిసినట్టుంది.

"అయ్యో, మీది కాదండీ. మా మేనేజర్ మీద కోపమొచ్చి ఊరికే నొక్కేశాను. దాన్నెవరు చూస్తారండీ?"

"చూస్తరు మేడం. ఇది మూడోది. ఇగ నన్ను జీడిమెట్ల పంపుతరు. ఇంటికాడ మా ఆయన మంచంల ఉన్నడు. పగటి బువ్వ నేనే పోయి పెట్టాలె."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. మంచి పిల్లే, కాదనను.

"సారీ అండీ. నేను మాట్లాడతాను, మీరు కంగారు పడకండి. మీ పేరేంటండీ?"

"నర్సమ్మ."

మూడేళ్లలో ఆ అంతస్తులో ఆమె పేరు అడిగిన మొదటి మనిషి సంయుక్తే. ఆ మధ్యాహ్నం నర్సమ్మ ఈ సంగతి స్వామికి రెండుసార్లు చెప్పింది.

సంయుక్త మాట తప్పలేదు. సీట్లో కూర్చోగానే పెద్దవాళ్లందరికీ మెయిల్ పెట్టింది. ఆ ఎర్ర మొహం తన తొందరపాటేననీ, నర్సమ్మగారి పనికి వంక పెట్టడానికి లేదనీ, పాపం ఆమె తన దగ్గరికొచ్చి బాధ చెప్పుకుందనీ, ఇలాంటివాళ్లను మనం గౌరవంగా చూసుకోవాలనీ రాసింది.

శుక్రవారం పొద్దున్నే వేణు నర్సమ్మను సామాన్ల గదిలోకి పిలిచాడు.

"ఏం పని చేసినవక్కా? మేడంతోని మాట్లాడినవా?"

"ఏం కరాబున్నదో అడిగిన సారూ."

"మూడు పడ్డా నేను కాళ్లావేళ్లా పడి ఒక్కసారికి ఆపుదునేమో. ఇది గట్ల కాదు. స్టాఫ్ దగ్గరికి పోయి మొర పెట్టుకున్నవంట. మెయిల్ పైనోళ్లంత చదివిన్రు. సోమవారం సంది జీడిమెట్ల."

"మేడం మంచిగనే రాసింది గద?"

"మంచిగనే రాసింది. నీ పేరు పెట్టి రాసింది. గదే పరేషాన్." వేణు తల దించుకున్నాడు. "నా చేతుల ఏం లేదక్కా. నా నౌకరీ గూడ గిట్లనే ఉన్నది."

తిట్టినవాడుంటే తిరిగి తిట్టొచ్చు. ఇక్కడ ఎవర్ని తిట్టాలి? నాకైతే ఒళ్లు మండిపోతుంది. నర్సమ్మ బకెట్ తీసుకుని పనిలోకి వెళ్లింది.

పదిన్నరకు సంయుక్త నవ్వుతూ వచ్చింది.

"నర్సమ్మగారూ, మెయిల్ పెట్టానండీ. మా హెడ్ కూడా మెచ్చుకున్నారు. అంతా సర్దుకుంది కదా?"

నాలుక చివరిదాకా వచ్చింది మాట. చెబితే ఈ పిల్ల మళ్లీ కూర్చుని ఇంకో మెయిల్ రాస్తుంది. అప్పుడు జీడిమెట్ల పని కూడా ఉండదు. వరండా చివర నిలబడి వేణు ఇటే చూస్తున్నాడు.

"సర్దుకున్నది మేడం."

"హమ్మయ్య. ఇంకేదైనా ఉంటే నాతో చెప్పండి, మొహమాటపడొద్దు" అని సంయుక్త వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికి పోయి స్వామిని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. పప్పన్నం మెత్తగా పిసికి ముద్ద అందించింది. అతను మింగి, ముద్దముద్దగా అడిగాడు.

"గా మేడం మల్ల కలిసిందా?"

"కలిసింది. నర్సమ్మగారూ అన్నది."

స్వామికి ఎడమవైపు పెదవి విచ్చుకుంది. చాలా రోజులకు అతను నవ్వడం చూసింది. జీడిమెట్ల మాట పక్కన పెట్టింది. ఇంకో ముద్ద చేసింది.

"సోమారం ఆమెకు రెండు జామకాయలన్న తీస్కపో" అన్నాడు స్వామి. "ఉత్త చేతులతోని పోకు."

సరేనంది నర్సమ్మ.