అట్టముక్కలో తల దూర్చిన అమ్మ

ఇప్పటికీ ఇక్కడ కెనడాలో, వాటర్లూలో రైలెక్కినప్పుడు ఎవరి చలికోటు నుంచైనా ఇంగువ తాలింపు వాసన వస్తే, చిన్నప్పుడు మేం అద్దెకున్న ఇల్లే కళ్లముందుకొస్తుంది. పైన మేము, కింద బేస్‌మెంట్‌లో తెలుగు స్టూడెంట్లు. కాలేజీలకు పిల్లలు వచ్చిపడుతున్నంత వేగంగా ఇళ్లు పెరగక, హాలుకు అడ్డంగా ప్లైవుడ్ కొట్టి గదులు చేసిన కాలం అది. మంచు కురిసే ఆదివారాల్లో వాళ్ల క్యారమ్ బోర్డు పక్కనే నా మకాం. అమ్మ పంపిన గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ వరంగల్ శ్రీకాంతన్న పరీక్షల్నీ చలినీ కలిపి తిట్టేవాడు. అబ్బ, ఎంత నవ్వేవాళ్లమో!

ఒక మధ్యాహ్నం కింద మూకుట్లో నూనె అంటుకుంది. మెట్లవైపంతా పొగ. శ్రీకాంతన్న నేలకి ఆనుకుని ఉండే బేస్‌మెంట్ చిన్న కిటికీలోంచి రాబోయి భుజాల దగ్గర ఇరుక్కున్నాడు.

"గుంజుండ్రి ఆంటీ, ఊపిరాడ్తలేదు!"

నాన్నా నేనూ బయటినుంచి లాగుతుంటే, అమ్మ ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని కిందికి దిగి మూకుడు మీద మూత పడేసింది. గండం గడిచింది.

కిటికీ పెద్దది చేయించమంటే, ఓనర్ కూడా తెలుగాయనే, "పాత ఇళ్లకి ఆ రూల్ లేదమ్మా" అన్నాడు. ఆ రూల్ మార్చడానికే సిటీలో మీటింగ్ ఉందని, అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చని అమ్మ కనుక్కుంది. ఓనర్‌కి మండిపోయింది.

"మనోళ్ల మీద మనమే చెప్పుకుంటామా? మాట్లాడారంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

"మనోళ్లని మంట వదిలేస్తుందా, అన్నయ్యగారూ?"

ఈ చలిలో ఇల్లెక్కడ దొరుకుతుందని నాన్న తల పట్టుకున్నాడు. "ఆ పిల్లలకేమన్నా అయితే వాళ్ల అమ్మలకి నేనేం చెప్పాలి?" అంది అమ్మ. ఇక ఆవిడ పట్టు పడితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా అంతే!

టీవీ అట్టపెట్టెలో సరిగ్గా ఆ కిటికీ అంత కన్నం కోసి, చీర మీద కోటు, కాళ్లకి మంచు బూట్లతో, ఆ అట్ట పట్టుకుని సిటీ మీటింగ్‌లో మైకు దగ్గరికి నడిచింది. అందులో తల దూర్చి, భుజాలు ఆనేదాకా నెట్టి, "ఐ యామ్ స్టక్. నౌ ఫైర్ కమింగ్. ప్లీజ్ టెల్ మీ, వాట్ టు డూ?" అంది. సిగ్గుతో కుర్చీ కింద దూరాలనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. అంతలోనే గర్వంతో నాకు ఏడుపొచ్చింది.

రూల్ మారింది. ఓనర్ కిటికీ పెద్దది చేయించాడు, అన్నంత పనీ చేసి మమ్మల్ని ఖాళీ చేయించాడు. మా సామానంతా ఆ అన్నయ్యలే మోశారు. తర్వాత వాళ్లూ తలోదిక్కు అయిపోయారు. శ్రీకాంతన్న ఎడ్మంటన్‌లో స్థిరపడ్డాడు. అంతమంది ఒకే పచ్చడి గిన్నె చుట్టూ చేరే ఆదివారాలు నాకు మళ్లీ దొరకలేదు.

మొన్న ఆ వీధిలో వెళ్తుంటే, ఆ పాత ఇంటి ముందు అమ్మ కారు ఆపమంది. ఎవరో పిల్ల, తలుపుదాకా వెళ్లడానికి బద్ధకం కాబోలు, బేస్‌మెంట్ కిటికీలోంచే పైకెక్కి, బ్యాగు తగిలించుకుని బస్సు కోసం పరిగెత్తింది.

"ఇల్లు పోయిందని ఎప్పుడూ బాధ అనిపించలేదా అమ్మా?" అన్నాను.

అమ్మ ఇంకా ఆ కిటికీనే చూస్తోంది.

"చూశావుటే, ఎంత తేలిగ్గా వచ్చేసిందో!"