వరుసలో మొదలై వలయంగా ముగిసిన చైనా నృత్యం

ఫోన్ ముందు గంతులు వేయడం మా ఇంట్లో నిషేధం. పెట్టింది నేనే. ఈ సాయంత్రం అమెరికాలో మేముండే శాన్ రామన్ పార్కులో మనవరాలు అన్విత, ఇప్పుడు లోకమంతా ఫోన్లలో ఆడుతున్న చైనా బృందనృత్యాన్ని అక్కడి చైనా అమ్మమ్మలతో కలిసి ఆడుతూ వీడియో తీస్తోందని తెలిసింది. కోప్పడి తీసుకురావాలని వెళ్లాను. వరుసలో ఒకరు తక్కువయ్యారట, ఒకావిడ నా చెయ్యి పట్టి నిలబెట్టేసింది.

మొదటి అడుగులు బాగానే వేశాను. చప్పట్లు రాగానే చిన్ననాటి బతుకమ్మ అలవాటు ముంచుకొచ్చింది. వంగి చప్పట్లు కొడుతూ పక్కకు తిరిగాను. వెనకున్నవాళ్లు అదీ నృత్యంలో భాగమే అనుకుని నా వెంట వచ్చేశారు. వరుస కాస్తా వలయమైంది.

"అమ్మమ్మా, స్ట్రెయిట్ లైన్! వీడియో మొత్తం స్పాయిల్ చేశావ్!" అన్విత ఏడుపు ముఖం పెట్టింది.

"అయితే డిలీట్ చెయ్యి" అన్నాను.

"నో డిలీట్! అగైన్!" అంది నన్ను లాగినావిడ, నాలాగే వంగి చప్పట్లు కొడుతూ.

చీకటి పడేదాకా వలయంగానే ఆడాం. అన్విత ఆ వీడియోనే నవ్వుతూ పోస్ట్ చేసింది.

భోజనాల దగ్గర ఫోన్ కూడదన్నదీ నా నియమమే. కలిపిన ముద్ద చేతిలో ఉండగానే "ఏదీ, మళ్లీ పెట్టు" అన్నాను. మీ ఇళ్లలోనూ నియమాలు పెట్టినవాళ్లే ముందు తప్పుతారా?