టీచరమ్మకు ఒక్క సినిమా

నాకు చదవడం రాకముందే ఒక మాట చూపుకు తెలుసు. పాత సినిమాల్లో సగం కథ అయ్యాక తెర మీద పడే మాట అది. అది పడగానే లైట్లు వెలిగేవి, సమోసాల అతను లోపలికి వచ్చేవాడు, మేము కాళ్ళు చాపుకునేవాళ్ళం. నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న చర్చి పక్క హాల్లో, యాభై దాటాక అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న కొత్తలో, టీచరమ్మ ఒకరోజు బోర్డు మీద ఒక మాట రాసి, ఎవరైనా చదవగలరా అని అడిగింది. అందరికంటే ముందు నేనే అరిచాను.

“ఇంటర్వెల్!”

హాలంతా ఒకటే నవ్వు. బోర్డు మీద ఉన్నది ‘విశ్రాంతి’.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

“ఇంటర్వెల్ అంటే బడిలో గంట కొడతారు, అది కదమ్మా? దీన్ని చూసి అలా ఎందుకన్నావు?”

నా పక్కన కూర్చునే పూలమ్మే ఆవిడ అందుకుంది. “సినిమాల సగం కాంగనే గదే పడుతది గద టీచరమ్మా. మీరు ఎన్నడు చూడలేదా ఏంది?”

“లేదు. నేను సినిమా చూడలేదు. ఒక్కటి కూడా.”

మా అందరికంటే చదువుకున్న మనిషి, మాకందరికీ తెలిసింది తనకు తెలియదని అంత మామూలుగా చెప్పేసరికి మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. ఆమె తండ్రి కోస్తాలో ఒక ఊళ్ళో పాస్టర్. సినిమా హాలు గడప తొక్కబోమని చిన్నప్పుడే ఇద్దరు కూతుళ్ళ దగ్గరా మాట తీసుకున్నాడు. టీచరమ్మ సికింద్రాబాద్ వచ్చి ఒక బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. చెల్లెలితో కలిసి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటోంది. ఆ మాట ఇద్దరూ ఇన్నేళ్ళూ దాటలేదు. ఇంట్లో టీవీలో కూడా వార్తలూ, ప్రార్థనలే.

కూడబలుక్కుని చదవడం, రాయడం వచ్చాక ఆమె మాకు ఒక పని పెట్టింది. వారం వారం ఎవరికి తెలిసిన విషయం వాళ్ళు ఐదారు వాక్యాలు రాసుకురావాలి. పూలావిడ మల్లెల గురించి రాసింది. నేను చీరలకు ఫాల్స్ కుడతాను. దాని గురించి రెండు వాక్యాలు రాసేసరికి అయిపోయింది. ఇక నాకు తెలిసింది సినిమాలే. మా ఆయనకు సినిమా అంటే నిద్ర. హాల్లో ఏసీ ఉంటే ఇంకా మంచి నిద్ర. అందుకని నేను ఎక్కువగా ఒక్కదాన్నే వెళ్తాను, మధ్యాహ్నం ఆటకి.

మొదట కొట్లాట సినిమా గురించి రాశాను. హీరో కొట్టడం కంటే, కొట్టబోయే ముందు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడతారే, అదే నాకు ఇష్టం. కొట్టడం మొదలయ్యాక నా చూపు వెనక ఉన్న ఇడ్లీ బండి మీదికి పోతుంది. రౌడీ ఎగిరి వచ్చి తప్పకుండా దాని మీదే పడతాడు. బండి ముక్కలవుతుంది. హీరో నడిచి వెళ్ళిపోతాడు. తెల్లవారి ఆ బండి మనిషి ఏం పెట్టుకుని బతుకుతాడో ఏ సినిమాలోనూ చూపించరు. ఈ మాటే రాశాను. టీచరమ్మ ఎర్ర పెన్నుతో ఒత్తులు దిద్ది, కింద ఒక ప్రశ్న రాసింది: ‘అది తెలిసీ మళ్ళీ ఎందుకు వెళ్తావు?’

జవాబుగా మరుసటి వారం దయ్యాల సినిమా గురించి రాశాను. నాకు దయ్యమంటే సగం వరకే భయం. తలుపు కిర్రుమనడం, పిల్లి దూకడం, వీటన్నిటికీ అందరిలాగే కళ్ళు మూసుకుంటాను. తర్వాత దాని కథ చెబుతారు. ఎవరో దాన్ని మోసం చేసి ఉంటారు, బావిలోకి తోసి ఉంటారు, మాట వినకుండా పూడ్చిపెట్టి ఉంటారు. అప్పటినుంచి నేను దాని పక్షమే. మంత్రగాడు వచ్చి సీసాలో బంధిస్తుంటే నాకు కోపం వస్తుంది. దయ్యమై తిరిగి వస్తే తప్ప ఆ ఆడమనిషి చెప్పేది ఎవరూ వినలేదు కదా, అది వినడానికే వెళ్తాను అని రాశాను.

ఆ కాగితం టీచరమ్మ రెండుసార్లు చదివింది. ఒక్క తప్పూ దిద్దలేదు. తప్పులు చాలానే ఉన్నాయని నాకూ తెలుసు.

తరగతి అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగమంది.

“నన్నొక సినిమాకి తీసుకువెళ్ళమ్మా. ఒక్కటే. మళ్ళీ అడగను.”

భుజానికి తగిలించుకున్న సంచి తీసి మళ్ళీ కింద పెట్టాను.

“మా నాన్నగారు వద్దన్నారు, నేను సరేనన్నాను. డెబ్భైకి దగ్గరపడ్డాను. దేన్ని వద్దనుకున్నానో ఒక్కసారి చూడాలని ఉంది. ఏది చూడాలో నువ్వే చెప్పు. నీకు తెలిసినట్టు నాకు తెలియదు.”

“మరి మీ చెల్లె?”

“దానికి చెప్పలేదు. చెబితే బాధపడుతుంది.”

ఆ వారం నేను ఫాల్స్ తిన్నగా కుట్టలేకపోయాను. ఇన్నేళ్ళలో మంచి సినిమాలు చూశాను, తలనొప్పి సినిమాలు చూశాను. నచ్చకపోతే ఇంకోటి ఉంటుంది కదా అనుకునేదాన్ని. ఈమెకు ఇంకోటి లేదు. అది చెత్త సినిమా అయితే, తండ్రి మాట ఊరికే తప్పినట్టవుతుంది. ఆ బాధ ఆమెతోనే ఉండిపోతుంది.

ప్రేమ సినిమా చూపిద్దామంటే, అబ్బాయి పిల్ల వెంటపడి తిరగడం ఈ మధ్య నాకే కంపరంగా ఉంటోంది. వయసులో ఉన్నప్పుడు అదంతా ముచ్చటగా అనిపించేది. ఇప్పుడు తెర ముందు కూర్చుని, వద్దన్నది కదరా, ఇంటికి పో అని గొణుక్కుంటున్నాను. నవ్వుల సినిమా నాకు ప్రాణం. కానీ నల్లగా ఉన్న పిల్ల మీదో, నత్తి ఉన్నవాడి మీదో జోకు వేయకుండా వాటికి పొద్దు గడవదు. నవ్వేశాక మనసు చివుక్కుమంటుంది. బడిలో అలాంటి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పిన మనిషికి అది చూపించలేను. దేవుడి సినిమాలైతే పాతవే బాగుండేవి. దేవుడు పక్కింటాయనలా వచ్చి, కూర్చుని మాట్లాడేవాడు. ఇప్పుడన్నీ మెరుపులూ ఉరుములూ, ఆయన మొహమే కనబడదు. అయినా పాస్టర్ ఇంటి మనిషిని మన దేవుడి సినిమాకి ఎలా తీసుకుపోతాను?

హంతకుణ్ణి కనిపెట్టే సినిమాలు మా అమ్మాయి ఫోన్‌లో చూపిస్తుంటుంది. వాటిలో నాకు కిటుకు తెలిసిపోయింది. పేరున్న నటుడు పెద్దగా పనేమీ లేకుండా ఒక మూలన టీ తాగుతుంటే, వాడే హంతకుడు. కిటుకు తెలిసిన దాని కోసం ఆమెను అంత దూరం ఎందుకు తిప్పాలి?

మిగిలింది ఏడుపు సినిమా. మా ఈడు ఆడవాళ్ళకు అది ఒక రకం స్నానం. ఇంట్లో ఏడిస్తే ఏమైందని వంద మంది అడుగుతారు, హాల్లో ఎవరూ అడగరు. మా అమ్మాయి వెతికి చెప్పింది, పెళ్ళిళ్ళలో బ్యాండు వాయించే ఒకాయన కథ వచ్చిందని, కొట్లాటలు లేవని, ఏడుపు మరీ ఎక్కువ లేదని. అదే ఖాయం చేశాను.

ఆమెకు ముందే అన్నీ చెప్పి పెట్టాను. చీకట్లో మెట్లు చూసుకోవాలి, జాతీయగీతం వేస్తే లేవాలి, సగంలో విశ్రాంతి అని పడుతుంది, అప్పుడు ఏమన్నా తినొచ్చు. ఆమె బడిపిల్లలా తలూపుతూ విన్నది. ఆదివారం వద్దంది. శనివారం మధ్యాహ్నం, చర్చికి కట్టుకునే తెల్లంచు నీలం చీరలో వచ్చింది.

సినిమా మొదలయ్యాక కాసేపు నేను తెర వైపు చూస్తే ఒట్టు. ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. మొదటి పాట వచ్చినప్పుడు చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుంది. తర్వాత మెల్లగా ముందుకు వంగింది. ఆ బ్యాండాయనకు ఒక్క కూతురు. ఆ పిల్లకు తండ్రిలా బాకా ఊదాలని ఉంటుంది. ఆడపిల్ల వీధిలో ఊరేగింపు ముందు నడుస్తూ వాయించడమేమిటని తండ్రి ఒప్పుకోడు. ఒకరోజు బాకా ఉన్న సంచి తీసుకుని పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. తండ్రి వానలో స్కూటర్ మీద వెతకబోతాడు. తర్వాత రోడ్డు మీద పడిపోయిన స్కూటర్, దాని చక్రం ఒక్కటే తిరుగుతూ కనబడింది. అంతే, లైట్లు వెలిగాయి.

జనం లేచారు. టీచరమ్మ కూడా లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకుంది. నేను పాప్‌కార్న్ కోసం అనుకున్నాను. ఆమె మొహం తెల్లబోయి ఉంది.

“పదమ్మా,” అంది. “చూశాను. చాలు.”

“ఏమైంది టీచరమ్మా?”

“కూతురు మాట వినకపోతే తండ్రి చచ్చిపోతాడు. ఇదేనా కథ? ఈ మాట మా నాన్నగారు ఇంట్లోనే చెప్పారు. దీనికి ఇంత దూరం రావాలా?”

అప్పటికి గానీ నాకు తట్టలేదు.

“అయ్యో టీచరమ్మా, ఇంక సగం ఉన్నది! గిది ఇంటర్వెల్!”

“విశ్రాంతి అని పడుతుందన్నావు. పడలేదు. నేను చూస్తూనే ఉన్నాను.”

నిజమే, పడలేదు. ఈ మధ్య ఆ మాట వేయడమే మానేశారు. కొన్నిసార్లు ఇంగ్లీషులో ఏదో మెరిసి పోతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. అక్షరాలు రాకముందు ఆ మాట ఆకారాన్ని గుర్తుపట్టి కూర్చున్నదాన్ని, అక్షరాలు వచ్చాక అది లేదన్న సంగతే నేను గమనించలేదు. ఆమె జీవితమంతా అక్షరాన్ని నమ్ముకున్న మనిషి. రాయలేదు గనక అయిపోయిందనుకుంది.

వెనక వరసలో ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని వింటోంది. “పెద్దమ్మా, ఆయన చావలే. మా ఆడబిడ్డ చూసింది. కాలు ఇరిగిందంతే. కూసోండ్రి,” అంది.

“చావలేదా?” అంది టీచరమ్మ. ఆ పిల్లతల్లి వైపు తిరిగి, “నిజంగా?”

“అబ్బ, మొత్తం నాతోనే చెప్పిస్తున్నరు. కూసోని చూడుండ్రి.”

టీచరమ్మ కూర్చుంది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. లైట్లు ఆరేదాకా తెల్ల తెర వైపే చూస్తూ ఉంది. సమోసా కొనిస్తే తిననంది.

రెండో సగంలో తండ్రి మంచం మీద ఉంటాడు. బ్యాండు పోతుందని అందరూ అనుకుంటుంటే పిల్ల తిరిగి వచ్చి, తండ్రి కోటు వేసుకుని ఒక పెళ్ళి బారాత్ ముందు నడుస్తుంది. ఆయన కిటికీలోంచి వింటాడు. శభాష్ అనడు, తప్పైందనీ అనడు. పిల్ల ఇంటికి వచ్చాక, బాకా నోటికి పెట్టుకునే చోట తడిని తన కండువాతో తుడిచి తిరిగి ఇస్తాడు. అంతే. నేను ఏడ్చాను. ఆమె ఏడ్వలేదు. అయిపోయాక, పేర్లన్నీ పైకి పోయేదాకా, ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంది. ఊడ్చే అతను వచ్చి చీపురుతో నిలబడితే లేచాం.

బయటికి వచ్చాక ఎలా ఉందని నేను అడగలేకపోయాను. ఆటోలో కూర్చున్నాక ఆమే చెప్పింది.

“మా నాన్నగారు చెప్పినంత చెడ్డది కాదు. నువ్వు రాసినంత గొప్పదీ కాదు.”

“గట్లనా?” అన్నాను. పరీక్షలో సగం మార్కులు వచ్చినట్టుంది నాకు.

“ఆ తల్లి ఏమిటమ్మా? సినిమా అంతా అన్నం వడ్డిస్తూనే ఉంది. భర్త ఒక మాటంటే వడ్డిస్తుంది, కూతురు వెళ్ళిపోతే వడ్డిస్తుంది. ఆవిడ మనసులో ఏముందో ఒక్కరూ అడగరేం?”

ఇన్ని సినిమాలు చూశాను. దయ్యాల మాట విన్నాను, ఇడ్లీ బండి వాడి కోసం బాధపడ్డాను. వడ్డించే తల్లుల వైపు ఒక్కసారీ చూడలేదు. “సినిమాల తల్లులు గంతే టీచరమ్మా,” అన్నాను.

“అంతే అంటే ఎలా? పిల్ల వెళ్ళేటప్పుడు ఆ సంచి ఎవరు సర్దారు? బాకా మడిచిన చీరలో చుట్టి ఉంది, చూశావా? తల్లే సర్దింది. ఆవిడకు ముందే తెలుసు. వాళ్ళు అది చెప్పకుండా వదిలేశారు.”

“ఏమో. గట్లనే ఉండొచ్చు.”

“ఉండొచ్చు కాదు. అంతే.”

ఏ.ఎస్. రావు నగర్‌లో వాళ్ళ ఇల్లు వచ్చేదాకా ఆ తల్లి గురించే మాట్లాడింది. ఆటో ఆగేసరికి ఆమె చెల్లెలు గేటు లోపల, గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. అక్క ఇంత ఆలస్యం ఎప్పుడూ చేయదట. టీచరమ్మ దిగింది, నేను ఆటోలోనే ఉండిపోయాను.

“ఎక్కడికి వెళ్ళావక్కా? ఫోనూ ఎత్తలేదు.”

టీచరమ్మ భుజం మీద బ్యాగు సర్దుకుంది. ఏదో ఒక అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. ఆమెకు అది చేతకాదని నాకు తెలిసి ఉండాల్సింది.

“సినిమాకి వెళ్ళాను.”

చెల్లెలు గేటు తీయలేదు. ఇద్దరి మధ్యా ఆ ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి. దిగి ఏదైనా సర్దిచెప్పాలా అని చూస్తుండగా చెల్లెలి గొంతు, చాలా చిన్నగా వినబడింది.

“ఎలా ఉంది?”

“అంటే, ఒక బ్యాండు వాయించే ఆయన ఉంటాడు...” అని టీచరమ్మ బ్యాగు గేటు చువ్వకు తగిలించి, చెప్పడం మొదలుపెట్టింది.

“పోనియ్యాల్నా అమ్మా?” అన్నాడు ఆటో అతను.

“జెర ఆగు,” అన్నాను. ఆమె ఇంకా వానా, స్కూటరూ దాటి ఆ వడ్డించే తల్లి దగ్గరికి రాలేదు.