పటంలో డాక్టరు

పోయిన మా ఆయనకు డాక్టరు కనబడగానే కుడి మణికట్టు చాచడం అలవాటు. నాడి పట్టనిదే వైద్యమేమిటనేవాడు. ఇక్కడ అమెరికాలో, మా అమ్మాయి ఉండే ట్రాయ్‌లో డాక్టరు అది షేక్‌హ్యాండ్ అనుకుని ఊపేసి, ఇక మందులు పనిచేయవని చెప్పి పంపేశాడు.

ఆ ఆదివారం అమ్మాయి మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడొక పటంలో వందల ఏళ్ల నాటి వైద్యుడు. చుట్టూ ఆయన పోగేసుకున్న గవ్వలూ, ఎముకలూ, వేర్లూ. మా ఆయన వీల్‌చెయిర్‌లోంచే పటానికి చెయ్యి చాచాడు.

"అయ్యా, ఇన్ని దాచావు గదా, నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదా?"

"నాన్నా, అది బొమ్మ," అంది అమ్మాయి.

"తెలుసులేవే. ఇక్కడి డాక్టర్లకంటే ఈయనే నిదానంగా చూస్తున్నాడు."

చెయ్యి మాత్రం దించలేదు. చూడలేక నేనే ఆ మణికట్టు పట్టుకున్నాను.

"ఏమంటోందే?" అన్నాడు.

నాడి చూడటం నాకేం తెలుసు? బాగానే ఉందన్నాను.