నీళ్ళలో ముంచిన ఏరు

రాజోలిలో మా నాన్న నూలుకు రంగులద్దేవాడు. పొయ్యిమీది కాగు దించాక అడుగున మిగిలిన రంగును కొబ్బరిచిప్పల్లోకి వంపుకుని, ఈతపుల్ల కొన నమిలి కుంచె చేసుకుని, నేను తుంగభద్రను గీసేదాన్ని. గంజి పెట్టి ఆరేసిన గుడ్డే నా కాగితం. మనుషుల్ని గీయాలంటే భయం. వాళ్ళు తిరిగి చూస్తారు. ఏరు చూడదు.

లింగాల వైపు కాపురానికి పంపుతారని తెలిసిన ఎండాకాలమంతా ఒక్క బొమ్మమీదే కూర్చున్నాను. పొద్దున్నే తెల్లగా, వెడల్పుగా పారే నీళ్ళు, నడుమ నల్లటి బండలు, అవతలి ఒడ్డున సన్నటి గీతలా చెట్లు. అక్కడ ఏరు ఉండదని విన్నాను. దీన్ని వెంట తీసుకుపోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

బయలుదేరే ముందురోజు అమ్మ నా పెట్టె సర్దుతుంటే చీరల మధ్య ఆ గుడ్డ బయటపడింది. నాన్న దాన్ని అందుకుని, నేను పెరట్లోంచి వచ్చేలోపే తొట్టిలో ముంచి పిడికిట్లో పిండాడు. రంగు నిలిచిందో లేదో అలా నీళ్ళలో చూడకుండా మా ఇంట్లోంచి ఏ నూలూ గడప దాటేది కాదు.

నీళ్ళు బురద రంగుకు తిరిగాయి.

"రంగు పట్టలే బిడ్డా," అన్నాడు నాన్న, గుడ్డ విప్పి చూస్తూ. "ఉడకబెట్టనిది యాడ నిలుస్తది? గిట్లనే పెట్టెల పెట్టుకపోతే కొత్త చీరలన్నిటికి అంటుతుండె."

"రంగులాయన బిడ్డ రంగు కారుకుంట వచ్చిందని నవ్వుతుండిరి," అంది అమ్మ. "ఇంతకు ఏందే గది, మూతి తుడుచుకునే దస్తీయా?"

"ఏం లేదమ్మా," అన్నాను.

నాన్న దాన్ని మళ్ళీ జాడించి, ఆరబెట్టిన నూలు చిలపల పక్కన దండెంమీద ఆరేశాడు. నాకు మేలు చేశాననే అనుకున్నాడు. తెల్లారి బండెక్కాను. కొంగున రంగు పొడి ముడి వేసుకున్నాను గానీ ఆ గుడ్డ తీసుకోలేదు.

అత్తవారింట్లో మధ్యాహ్నాలు అందరూ చేలకు పోయేవారు. పాత కాగితాల వెనకవైపు ఏటిని మళ్ళీ గీయడం మొదలుపెట్టాను. ఒకరోజు పక్కింటావిడ నిప్పు కోసం వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది పిల్లా, వాన మొగులు గీస్తున్నవా?"

"ఏరు."

"గింత పెద్ద ఏరా? మరి గా నల్లటివి బర్రెలా?"

"బండలు."

"బర్రెలను గియ్యి, జర కళగుంటది," అని నవ్వుకుంటూ నిప్పు తీసుకుని పోయింది.

ఆమె మాటకు బాధ కలగలేదు. ఆమె పోయాక బొమ్మ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడే భయం వేసింది. బండల్లోకెల్లా పెద్దదాన్ని ఇంకా గీయలేదు. అది ఇవతలి ఒడ్డుకు దగ్గరగా ఉండేదా, అవతలి ఒడ్డుకా? కళ్ళు మూసుకుంటే రెండుచోట్లా కనిపిస్తోంది. అడుగుదామంటే ఆ ఊళ్ళో మా ఏటిని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పుల్ల కొనన రంగు ఆరిపోతోంది. మళ్ళీ తడిపి, పెద్దబండను అవతలి ఒడ్డు దగ్గర వేశాను.