పై వాటాకు వచ్చిన లైసెన్సు

గోదావరి జిల్లాల మర్యాదంటే నాకు ఒళ్ళు మంట. ఇక్కడ ఎవరూ మొహం మీద కాదనరు. నవ్వుతూ తిప్పుతారు, మన కాళ్ళరిగేదాకా.

మాది తెలంగాణలో నిజామాబాద్ వైపు. కడియం నర్సరీలకు ఎరువులు, మందులు అమ్మే కంపెనీలో ఫీల్డు ఉద్యోగం దొరికి, రాజమండ్రిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాను. తిరగడానికి మోటారు సైకిల్ కంపెనీయే ఇస్తుంది. ప్రొబేషన్ ముగిసేలోగా లైసెన్సు కార్డు మాత్రం చూపించాలి, లేకపోతే ఇంటికే. పొలం దారుల్లో నాన్న బండి నడిపినదాన్నే గానీ లైసెన్సు తీసుకోవాలని ఎప్పుడూ తోచలేదు. దాని కోసం మా ఊరికి పోయి రావడానికి సెలవుల్లేవు. ఇక్కడే తీసుకోవాలంటే ఇక్కడి అడ్రసు కావాలి.

అద్దె ఒప్పందం రాసివ్వమని ఇంటి ఓనరును అడిగాను.

"దానికేముందండి, రాసేసుకుందాం. కాఫీ తాగారా అండి?" అన్నాడు.

వారం పోయాక అడిగితే మూఢం వెళ్ళనివ్వమన్నాడు. మూఢం వెళ్ళాక, వాళ్ళ అల్లుడు వచ్చి చూడాలన్నాడు. అతని భార్య గేటు దగ్గర పక్కింటావిడతో అంటుంటే అసలు సంగతి నా చెవిన పడింది. "మనింటి అడ్రసుతో కాగితాలు పుట్టించుకుంటే రేపు ఖాళీ చేస్తారా ఏంటండీ? ఎక్కడివాళ్ళో ఏంటో!"

మొన్నమొన్నటి దాకా ఒకే రాష్ట్రంవాళ్ళం. అద్దె అందుకునేటప్పుడు నేను ఎక్కడిదాన్నో వాళ్ళకు ఏనాడూ గుర్తు రాలేదు.

చివరికి మా మేనేజరుకు తెలిసిన గవర్నమెంటు డాక్టరుతో, గెజిటెడ్ ఆఫీసరు కాబట్టి, అడ్రసు కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆధార్‌లో అడ్రసు మార్పించాను. బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్.ఎల్.ఆర్. వచ్చింది. టెస్టు రోజున ఇన్‌స్పెక్టరు నన్నూ నేను అడిగి తెచ్చుకున్న గేరు బండినీ చూసి, "మీకెందుకండీ ఈ కష్టం, స్కూటీకి రాయించుకోకపోయారా?" అన్నాడు. వరసలో ఉన్న మగాళ్ళు ఇకిలించారు. ఆ కోపంలోనే, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, బండిని అతని బూట్ల ముందుకు తెచ్చి ఆపాను. పాసయ్యాను.

కార్డు పోస్టులో పంపామని రవాణా ఆఫీసు నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. కార్డు మాత్రం రాలేదు. ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుంది. ఫోనులో కనిపించే లైసెన్సు చాలదని మేనేజరు పట్టుబట్టాడు. రోజూ సాయంత్రం, వరండాలో పేపరు చదువుకునే ఓనరును పోస్టేమైనా వచ్చిందా అని అడిగేదాన్ని.

"రాలేదండి. వస్తే మీకివ్వకుండా ఉంటామాండి?" అనేవాడు.

ఇక లాభం లేదని పోస్టాఫీసుకు వెళ్ళి మా వీధి పోస్టుమాన్‌ను పట్టుకున్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీరేనాండి ఆవిడ? ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరని మీ ఓనరుగారే చెప్పారండి. వెనక్కి పంపేశానండి."

మెట్ల కింద నా చెప్పులున్నాయి. డాబా మీద తీగకు నా చున్నీలు ఆరుతున్నాయి. నేను మాత్రం ఆ ఇంట్లో లేను. ఆ పోస్టాఫీసులోనే ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ఉద్యోగం పోతుందని రవాణా ఆఫీసుకు పరిగెత్తాను. వెనక్కి వచ్చిన కవర్ల కట్టలో నాది వెతికించి చేతికి తీసుకునేసరికి సాయంత్రమైంది.

ఉద్యోగం నిలబడింది. ఒకటో తారీకున ఓనరు మెట్ల దగ్గర నిలబడి, కంపెనీ బండి సీటు తడుముతూ, "లైసెన్సు వచ్చేసిందంట కదండి! మాకు స్వీట్లు లేవాండి?" అన్నాడు. వెంటనే అద్దె కోసం చెయ్యి చాచాడు.

"ఎవరిని అడుగుతున్నారండి? ఆ పేరు గలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరటండి" అన్నాను.

చాచిన చెయ్యి మళ్ళీ బండి సీటు మీదకు పోయింది. అద్దె ఇచ్చేశాననుకోండి. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇప్పుడు వేరే వీధిలో ఉంటున్నాను. లైసెన్సు మీద మాత్రం ఆ ఇంటి నంబరే ఉంది. గడువు తీరేదాకా మార్చను.